పదిహేడో వరస పెసలు

మద్దిలపాలెం, విశాఖపట్నం
ఆగస్టు 18, 2024

గ్రేసీ,

మీ కొండ మీదికి సెల్ టవరు ఎప్పుడొస్తుందో గానీ, అంతవరకూ నాకీ చేతిరాత శిక్ష తప్పేలా లేదు. పాడేరు బస్సు కండక్టరు వీరన్న చేతికిస్తే మీ స్కూలు దగ్గర దింపేస్తాడని మీ నాన్న హామీ ఇచ్చారు. ఫ్రాన్సిస్ బాబాయి హామీ ఇచ్చాక నాకు ఇంక సాకు దొరకలేదు.

మంచి వార్త ముందు చెబుతాను, చెప్పే ఓపిక ఉండగానే. చీకట్లో మొలిచే పెసర మొలక ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, వెలుగు కోసం తెల్లగా, సన్నగా, బారుగా సాగిపోతుంది. ఇథిలీన్ వాయువు తగిలిందా, పొట్టిగా లావుగా అయిపోయి మెడ వంచుకుని కూర్చుంటుంది. జన్యువుల్లో మార్పు కోసం నేను పెంచుతున్న వాటిలో పదిహేడో వరస పెసలు మాత్రం ఏ ఇథిలీనూ ఇవ్వకుండానే పొట్టిగా మొలిచాయి. కబురు రాకుండానే కబురందినట్టు ప్రవర్తిస్తున్నాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. పద్మావతి మేడమ్ ఆ ట్రేని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఒక్కో మొలకనీ స్కేలు పెట్టి కొలిచారు. తర్వాత టీ తెప్పించారు. ఆవిడ టీ తెప్పించడం నువ్వున్న రోజుల్లో ఎప్పుడైనా చూశావా?

మూడోసారి కూడా ఇలాగే వస్తే పరిశోధన పత్రికకి పేపరు రాసి పంపుదామన్నారు. ఫిబ్రవరితో నా పీహెచ్‌డీ గడువు అయిపోతుంది. ఇంక పొడిగించేది లేదని ఆఫీసు వాళ్ళు రాతపూర్వకంగానే చెప్పారు. కాబట్టి ఈ పొట్టి మొలకలే నా డిగ్రీ. అవి లేకపోతే ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

సంతోషంగా ఉండాలి నిజానికి. అలసటగా ఉంది. మామూలు పెసలు కింది గదిలో మొలకలు పెంచే పాత పెట్టెలో పెడుతున్నాను, పదిహేడో వరసని పైన చీకటి గదిలో. పెట్టెలో రెండింటికీ చోటు లేదు. పెట్టె తలుపు రబ్బరు ఊడిపోతే ఆటోనగర్ మోసుకెళ్ళి, లారీ తలుపుకి వేసే రబ్బరు వేయించుకొచ్చాను. పైన చీకటి గదిలో దోమలు. నిరుడు డెంగ్యూ వచ్చినప్పటి నుంచి దోమ కనిపిస్తే చాలు, నాకు చేతులు ఆడవు. బాబాయి నన్ను చూసి నవ్వుతారు. ఆయన తప్ప ఆ ల్యాబు బిల్డింగులో నన్ను అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు.

నీ
జ్యోతిర్మయి


గుమ్మలగరువు, పాడేరు దారి
ఆగస్టు 30

జ్యోతీ,

నీ పొట్టి పెసలకి దీవెనలు. ఇక్కడ పొడుగ్గా ఎదిగేది జ్వరాల లెక్క ఒక్కటే. హాస్టల్లో సగం మంది పిల్లలు మంచాల మీదున్నారు, నర్సు ట్రాన్స్‌ఫరైపోయింది, నేను పొద్దున సైన్సు, మధ్యాహ్నం లెక్కలు, రాత్రి మాత్రలు. టీచరు ఉద్యోగమంటే ఎండాకాలం సెలవులని చెప్పి నన్ను పంపిన పెద్దలందరినీ ఒకసారి ఇక్కడికి పిలవాలి.

ఒక సాయం కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు: మొక్కకి ముక్కు లేదు, చెవి లేదు, మరి హార్మోను వచ్చిందని దానికెలా తెలుస్తుంది టీచర్? నేను బోర్డు మీద నాలుగు బొమ్మలు గీసి నాలుగు పేర్లు రాశాను. నా బొమ్మల్ని నేనే అర్థం చేసుకోలేకపోయాను. ఎమ్మెస్సీ చదివిన సిగ్గు ఇంకా కొంచెం మిగిలుంది కాబట్టి నిన్ను అడుగుతున్నాను. పిల్లలకి చెప్పే మాటల్లో రాయి, పేపరుకి రాసే మాటల్లో కాదు.

నాన్నని చూసుకో. అమ్మ పోయాక ఆయనకి ఇల్లంటే ఇష్టం లేదు. మీ ల్యాబు తాళాల గుత్తి నడుముకి ఉన్నంతసేపే మనిషిలా ఉంటారు. ఏటా జనవరిలో ఆ కాంట్రాక్టు కొత్తగా రాస్తారు, ఏటా డిసెంబరంతా ఆయన నిద్రపోరు. ఈసారి కూడా రాస్తారంటావా?

గ్రేసీ


మద్దిలపాలెం
సెప్టెంబరు 22

గ్రేసీ,

మూడోసారి కూడా పొట్టిగానే వచ్చాయి. పేపరు పంపేశాం. మేడమ్‌కి రెండేళ్ళలో రిటైర్మెంటు. తన చివరి పేపరు ఇదేనేమో అని ఒకటికి రెండుసార్లు అన్నారు. అలా అన్నప్పుడు ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. భయమేసింది నాకు, ఎందుకో తెలియదు.

ఇంక నీ పిల్లల ప్రశ్న. మొక్కకి ముక్కూ చెవీ లేవని ఎవరన్నారు? ఒక్కచోట లేవంతే, కణం కణానికీ ఉన్నాయి. ఇథిలీన్‌నే తీసుకో. ప్రతి కణం లోపలా ఆ వాయువుని పట్టుకునే గ్రాహకాలు కాపలా కూర్చుని ఉంటాయి. కబురు వస్తే అవి లేచి అరుస్తాయని మనం అనుకుంటాం కదా. కాదు, కథ తిరగబడి ఉంటుంది. కబురు రానంతసేపూ అరుస్తూనే ఉంటాయి. మీ హాస్టల్ వార్డెన్‌ని ఊహించుకోమను. పొద్దస్తమానం గుమ్మంలో నిలబడి "కదలొద్దు, కదలొద్దు" అంటుంది, పిల్లలు లోపల కూర్చుంటారు. ఇథిలీన్ వచ్చి ఆవిడ నోరు మూస్తుంది, అంతే. పిల్లలకి ఎవరూ పరిగెత్తమని చెప్పనక్కర్లేదు. కాయ పండుతుంది, ఆకు రాలుతుంది, మొలక ఎదుగుదల ఆపుకుంటుంది.

మిగతా హార్మోన్లలోనూ చాలావరకు ఇదే తంతు. ఎదగమని చెప్పే ఆక్సిన్ కూడా ఎదగొద్దనే అధికారిని ముక్కలు చేసే మిషను దగ్గరికి లాక్కెళ్ళి అంటిస్తుంది. మొక్కలో "చెయ్యి" అనే మాటకంటే "వద్దు అనడం మానెయ్యి" అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. నా పదిహేడో వరసలో వార్డెన్ పుట్టుకతోనే మూగదని మా పేపరు చెబుతోంది.

ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నా వల్ల కాదు. పిల్లలకి అర్థం కాకపోతే తప్పు నీదే.

బాబాయి కులాసా. ఈమధ్య హుషారుగా కూడా ఉన్నారు. కాంట్రాక్టు గురించి దిగులు పడకు, మేడమ్ ఆయన్ని వదులుకోరు.

జ్యోతి


గుమ్మలగరువు
అక్టోబరు 20

జ్యోతీ,

నీ వార్డెన్ కథ మా పిల్లలకి ఎంత నచ్చిందంటే, మా అసలు వార్డెన్‌ని చూసి ఇథిలీన్ ఇథిలీన్ అని గుసగుసలాడుతున్నారు. ఆవిడకి అర్థం కాక నన్ను అడిగింది. అదొక రకం మందు అని చెప్పాను.

తర్వాత మా సాయిదుర్గ లేచి, వాళ్ళింట్లో అరటి గెలని గోతిలో పెట్టి, ఎండుటాకుల పొగ పట్టించి మూసేస్తే రెండు రోజులకి పండిపోతుందని చెప్పింది. అది మంత్రమా టీచర్ అని అడిగింది. మంత్రం కాదు, పొగలో కూడా ఇథిలీన్ ఉంటుందని చెప్పాను. నమ్మలేదు. సరే అని పాత కుండ ఒకటి తెచ్చి, కాయలు పెట్టి, పొగ పట్టించి మూత వేశాం. బయట విడిగా కొన్ని కాయలు పెట్టాం. కుండలోవి పసుపు రంగుకి తిరిగాయి, బయటవి రాయిలా ఉండిపోయాయి. ఆ రోజు నుంచి ఈ స్కూల్లో నా మాటే వేదం.

దసరా సెలవులకి నాన్న వచ్చి వెళ్ళారు. ఆయన హుషారుకి కారణం తెలిసిందిలే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు, నేను ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం చర్చిలో మిగిలిన సాంబ్రాణి, కొంచెం వేపాకు, కొబ్బరి పీచు కలిపి నీ చీకటి గదిలో ధూపం వేస్తున్నారట, నువ్వు వచ్చే ముందు. దోమ ఒక్కటి లేకుండా చేసి, నిప్పు తీసేసి, ఏమీ తెలియనట్టు తాళం వేసి కూర్చుంటారట. "ఆ పిల్ల సీకట్లో బిక్కుబిక్కుమంటా కూకుంటాది. నువ్వయితే నాను సెయ్యనా?" అన్నారు. అమ్మ పోయాక ఆయన ఇంకొకరి కోసం ఏదైనా చేసుకుంటూ సంతోషపడటం ఇదే చూశాను. తెలియనట్టే ఉండు, పాపం.

గ్రేసీ


మద్దిలపాలెం
అక్టోబరు 27

గ్రేసీ,

ఉత్తరం అందింది. పిల్లల కుండ బాగుంది.

బాబాయి ఆ పొగ ఎప్పటి నుంచి వేస్తున్నారు? వానలు మొదలైనప్పటి నుంచా, అంతకుముందు నుంచా? నీకు గుర్తుంటే రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

జ్యోతి


గుమ్మలగరువు
నవంబరు 5

జ్యోతీ,

నువ్వు అరపేజీ ఉత్తరం రాయగా నేనెప్పుడూ చూడలేదు. డెంగ్యూతో పడుకున్నప్పుడు కూడా నాలుగు పేజీలు రాశావు. వీరన్న బస్సు హారన్ కొడుతున్నా కదలకుండా అది రెండుసార్లు చదివాను. మూడోసారి చదవక్కర్లేకపోయింది.

కుండలో పొగా, మీ గదిలో పొగా నేనే ఒక ఉత్తరంలో ఒకదాని కింద ఒకటి రాసి పంపాను. పిల్లలకి పాఠం చెప్పాను గానీ నాకు వెలగలేదు. నువ్వు గురువారం గింజలు నానబెట్టి శుక్రవారం ట్రేల్లో సర్ది సోమవారం కొలుస్తావు. మామూలు పెసలు కింద పెట్టెలో, రబ్బరు తలుపు వెనకాల హాయిగా ఉంటాయి. పదిహేడో వరస పైన పొగలో ఉంటుంది. వార్డెన్ మూగది కాదు. మా నాన్న వారం వారం దాని నోరు మూస్తున్నారు. జులై మొదట్లో మొదలుపెట్టారట.

ఇంతేనా? ఇది కాకపోతే నన్ను తిట్టు, సంతోషిస్తాను.

ఇదే అయితే నేను సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నాను. జనవరి దాటేదాకా ఎవరికీ చెప్పకు. ల్యాబులో నిప్పు పెట్టాడంటే, కాంట్రాక్టు మాట దేవుడెరుగు, గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు ఆయన్ని. ఆ తాళాలు తీసేసుకుంటే మా నాన్న ఏమవుతారో నీకూ తెలుసు. సంతకం పడ్డాక చెప్పు, నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు. నీ పేపరు తప్పని తెలిసి ఆగమనడం పాపమని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

గ్రేసీ


మద్దిలపాలెం
నవంబరు 24

గ్రేసీ,

నువ్వు ఆగమన్నావు. ఆగలేకపోయాను. పేపరు డిసెంబరులో అచ్చవుతుందని కబురొచ్చింది. ఒకసారి అచ్చయ్యాక దాన్ని నమ్ముకుని ఇంకెవరో గింజలు నానబెడతారు, వాళ్ళ ఆరేళ్ళూ పోతాయి. ఇదంతా రాస్తుంటే ఏదో ఉపన్యాసంలా ఉంది. నిజం చెప్పాలంటే, నాకు రోజూ ఆ ట్రేలు చూస్తూ తెలియనట్టు నటించే ఓపిక లేదు. నటనకి కూడా బలం కావాలి.

జరిగింది చెబుతాను. ముందు బాబాయితో, ఇక ధూపం వద్దు, నాకు దగ్గు వస్తోందని అన్నాను. నీకెలా తెలిసిందని కూడా ఆయన అడగలేదు. నేను దగ్గడం లేదని ఆయన చూస్తూనే ఉన్నారు. నా ముఖంలోకి కాసేపు చూసి, సరేనమ్మా అని వెళ్ళిపోయారు. ఆ వారం రెండు రకాల పెసలనీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టాను. సోమవారం తలుపు తీసేసరికి పదిహేడో వరస పక్కవాటితో సమానంగా, తెల్లగా, సన్నగా, బారుగా నిలబడి ఉంది. దానిలో ఏ లోపమూ లేదు. దానికి అన్నీ వినిపిస్తున్నాయి. మేమే వినలేదు.

శుక్రవారాల్లో ఆ వాసన నాకు తెలియక కాదు గ్రేసీ. తెలుసు. కింద ఆఫీసులో లక్ష్మీపూజ వాసన పైకి వస్తోందనుకున్నాను. మన బిల్డింగుల్లో శుక్రవారం సాంబ్రాణి వాసన రాకపోతేనే కదా ఎవరైనా ఆగి చూసేది.

మేడమ్ దగ్గరకు వెళ్ళి, పొగ నేనే వేశానని చెప్పాను. దోమలకి భయపడి వేశాను, ఆలోచించలేదు అన్నాను. సగం నిజమే కదా, దోమల భయం నాదే. మేడమ్ కళ్ళద్దాలు తీయకుండానే అన్నారు: "ఫ్రాన్సిస్ వారం కిందటే వచ్చి, పొగ తనే వేశానని చెప్పాడు. ఎవరితోనూ అనొద్దని నేనే పంపేశాను."

ఆవిడకి తెలుసు. వారం పాటు తెలిసి కూర్చున్నారు. నాకు కోపం రావాలి, రాలేదు. ఆవిడ బల్ల మీద చేతులు పెట్టుకుని, నాకూ అలసటగా ఉందమ్మా, అన్నారు. తర్వాత నా ముందే కంప్యూటరు తెరిచి, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రాసి పంపారు. కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాశారు. రాశాక, మరి మీ ఇద్దరిలో అబద్ధం ఎవరిదని అడిగారు.

బయటకి వస్తే మెట్ల దగ్గర బాబాయి ఉన్నారు. తలుపు సందులోంచి విన్నారనుకుంటా. "నాను సెప్పీసినాను కదమ్మా. నువ్వెందుకు నీ మీదేసుకున్నావు?" అన్నారు. కాలేజీ వాళ్ళు కమిటీ వేశారు. మా ఇద్దరినీ పిలుస్తారట.

నీ మాట నిలబెట్టలేదు. క్షమించమని అడగను. నన్ను తిట్టి అయినా సరే జవాబు రాయి.

జ్యోతి


మద్దిలపాలెం
జనవరి 12, 2025

గ్రేసీ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. క్రిస్మస్‌కి నువ్వు వచ్చి వెళ్ళావని కూడా బాబాయి చెప్పేదాకా తెలియలేదు. నన్ను చూడకుండా వెళ్ళిపోయావు. అడిగే హక్కు నాకు లేదు.

కమిటీ అయిపోయింది. పొగ తనే వేశానని ఆయన అన్నారు. వేయమని అడిగింది నేనే అని నేనన్నాను. నా మాట నిజమేనా అని ఆయన్ని అడిగారు. ఆ పిల్ల ఏమీ అడగలేదు, తనకి తెలియనే తెలియదు, బైబిలు మీద ప్రమాణం చేస్తాను అన్నారు. నన్ను కాపాడటానికి ఆయన నిజం చెప్పారు. ఆయన్ని కాపాడటానికి నేను అబద్ధం చెప్పాను. వాళ్ళకి కావలసింది ఒక్క పేరు. మా ఇద్దరిలో కాంట్రాక్టు మనిషి పేరే రిజిస్టరులో రాసుకున్నారు. మేడమ్ లేచి, వెలుతురూ గాలీ లేని గదిలో పిల్లని కూర్చోబెట్టిన తప్పు డిపార్టుమెంటుదని గట్టిగానే అన్నారు. నమోదు చేస్తామన్నారు.

నాకు ఆరు నెలలు పొడిగించారు. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆయన కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. తాళాలు ఒక కవరులో పెట్టి ఇవ్వమంటే, ఏ తాళం ఏ గదిదో కాగితం ముక్కలు చుట్టి దారంతో కట్టి మరీ ఇచ్చారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తెలియక ఆ దారం ఉండ పట్టుకున్నాను.

బుధవారం వీరన్న బస్సుకి నీ దగ్గరకు వస్తున్నారు. సీటు ముందే చెప్పి ఉంచాను.

జ్యోతి


గుమ్మలగరువు
జనవరి 28

జ్యోతీ,

నాన్న క్షేమంగా చేరారు.

నీ మీద కోపం లేదని రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఆ మాట రాలేదు. కోపం ఉంది. నువ్వు చేసింది సరైనదే, అందుకే ఇంకా ఎక్కువగా ఉంది. తప్పు చేసి ఉంటే తిట్టేసి ఊరుకునేదాన్ని. నీకు ఆరు నెలలు ఇచ్చారని చదివి సంతోషించాను, ఆ వెంటనే సంతోషించినందుకు ఏడుపొచ్చింది. దాచమని అడిగిన దాన్ని నేను, నీ అబద్ధాన్ని వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. ఎవరు ఎవరి కోసం ఏం చేశారో లెక్క తేల్చే ఓపిక నాకు లేదు, పొద్దున్నుంచి క్లాసులు.

నాన్న గురించి చెప్పాలి. బాగా తింటున్నారు. పడుకుంటున్నారు. పిల్లలు తాతా అంటే నవ్వుతున్నారు. చూసేవాళ్ళకి ఏ లోటూ కనిపించదు.

మొదటి రోజు నేను క్లాసులో ఉంటే గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగారు. స్కూలు కదా, మర్యాద అనుకున్నాను. తర్వాత హాస్టల్ వరండా దగ్గర అడిగారు. స్టోర్ రూము దగ్గర అడిగారు. ఇరవై ఏళ్ళు ఆ బిల్డింగులో ప్రతి తలుపూ తెరిచిన మనిషి.

నిన్న సాయంత్రం నేను వంట చేస్తున్నాను. మంచినీళ్ళ కోసం వచ్చి వంటగది గుమ్మంలో ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని, "లోపలికి రావచ్చా అమ్మా" అన్నారు. నా ఇంట్లో, నా వంటగదికి, నా నాన్న. రండి నాన్నా అన్నాను. నేను రెండోసారి పిలిచేదాకా కదల్లేదు.

నేనెన్ని చెప్పినా వినడం లేదు. కూతుర్ని కాబట్టి ఓదార్పుకి అంటున్నాననుకుంటారు. నువ్వు చెబితే వింటారేమో. నీ గింజలు ఆగితే ఆగనీ, ఒక్క రోజుకి రా. వచ్చి ఆయన ఎదురుగా ఏదో ఒక గదిలో కూర్చుని, ఆయన్ని లోపలికి పిలువు.

గ్రేసీ